కంపెనీ టైరు 28 వేల కిలోమీటర్లకే ఎందుకు పేలింది?

ప్రశ్న: అన్నా, మాది దేవరకొండ దగ్గర. పోయిన ఏడాది మార్చిలో ఫైనాన్స్ మీద కొత్త పికప్ ట్రాలీ తీసుకున్నా. సీజన్‌లో వడ్ల సెంటర్ల నుంచి మిర్యాలగూడ మిల్లులకు వడ్లు తోలుతా, మిగతా రోజుల్లో బత్తాయి బాటసింగారం మార్కెట్‌కు వేస్తా. పెళ్లిళ్లప్పుడు టెంట్‌హౌస్ వాళ్ల జనరేటర్‌ను వెనక తగిలించుకుని గుంజుతా. వడ్లయితే 40 కిలోల బస్తాలు 60, ఇక్కడ అందరూ అంతే వేస్తారు. మొన్న మే నెలలో మధ్యాహ్నం హాలియా దాటాక వెనక ఎడమ టైరు పేలింది. బండితో పాటు వచ్చిన కంపెనీ టైరే, 28 వేల కిలోమీటర్లే తిరిగింది, బటన్ (టైరు మీది గీతల పొర) కూడా ఇంకా ఉంది. షోరూమ్‌లో అడిగితే ఓవర్‌లోడ్ అని పంపించేశారు. టైర్ల షాపులో మాత్రం కంపెనీ టైర్లు నాసిరకం, నాలుగూ తీసేసి ఎక్కువ ప్లై టైర్లు వేసుకోమంటున్నారు. ఆర్‌సీలో ఖాళీ బరువు 1,750 కిలోలు, మొత్తం బరువు 3,450 అని ఉంది. టైరు మీద 116/114 ఎల్ అని ఉంది. డోరు దగ్గరి స్టిక్కర్‌లో వెనక గాలి 65 పీఎస్ఐ అని ఉంది కానీ నేను 50 కొట్టిస్తా, ఎక్కువైతే ఖాళీగా వచ్చేటప్పుడు బండి ఎగురుతుంది. ఇప్పుడు ఏం చేయమంటావు?

సమాధానం: తమ్ముడూ, ముందు నీకేం కాలేదు, బండి పల్టీ కొట్టలేదు, అది చాలు. వెనక టైరు లోడు మీద పేలినప్పుడు స్టీరింగ్ పట్టుకుని, బ్రేకు మీద ఎగిరి తొక్కకుండా బండిని పక్కకు తెచ్చుకున్నావంటే నీ చేతిలో పని ఉంది.

నువ్వు అడిగిన దానికంటే చివర్లో మామూలుగా రాసిన మాటే నన్ను ఆపింది. స్టిక్కర్‌లో 65 ఉంటే 50 కొట్టిస్తానన్నావు చూడు, అక్కడ. షోరూమ్ వాళ్లు చెప్పింది సగం నిజం, టైర్ల షాపు వాళ్లు చెప్పింది అంతకంటే తక్కువ నిజం. నీ టైరును 60 బస్తాలు ఒక్కటే చంపలేదు, 60 బస్తాలూ 50 గాలీ మే నెల మధ్యాహ్నమూ మూడూ కలిసి చంపాయి.

లెక్క చూద్దాం, నీ అంకెలతోనే. 60 బస్తాలంటే 2,400 కిలోలు. ఖాళీ బండి 1,750. నువ్వూ ఇద్దరు హమాలీలూ కలిపి ఇంకో 200 అనుకో. మొత్తం 4,350. ఆర్‌సీ ఒప్పుకున్నది 3,450. అంటే 900 కిలోలు ఎక్కువ. సరే, ఇది అందరికీ తెలిసిన లెక్కే, అందరూ వేస్తున్నదే అంటావు. కానీ ఆ బరువు నాలుగు టైర్ల మీద సమానంగా పడదు. ట్రాలీ అంతా వెనక యాక్సిల్ మీదే కూర్చుని ఉంటుంది కాబట్టి వేసిన లోడులో నూటికి 80, 85 వంతులు వెనక రెండు టైర్లే మోస్తాయి. ఖాళీగా ఉన్నప్పుడే వెనక యాక్సిల్ మీద 750 కిలోల దాకా ఉంటుందనుకుంటే, దానికి 2,400లో 85 వంతులు కలుపు, 2,790 అవుతుంది. ఒక్కో టైరు మీద దాదాపు 1,400 కిలోలు.

ఇప్పుడు నీ టైరు ఏం మోయగలదో దాని మీదే రాసి ఉంది. 116/114లో మొదటి అంకె సింగిల్‌గా వేసినప్పటి లోడు కోడు, రెండోది లారీల్లో లాగా జంటగా వేసినప్పటిది. 116 అంటే 1,250 కిలోలు, 114 అంటే 1,180. పక్కన ఉన్న ఎల్ అక్షరం గంటకు 120 కిలోమీటర్ల స్పీడుకు గుర్తు. నీ బండికి వెనక ఒక్కో పక్క ఒక్కటే టైరు కాబట్టి 1,250 లెక్క. చాలామంది ఇక్కడిదాకా వచ్చి ఆగిపోతారు, 1,250కి 1,400 అంటే పెద్ద తేడా ఏముంది, కొత్త టైరు ఆ మాత్రం ఆపదా అని. అసలు విషయం ఏంటంటే ఆ 1,250 అనేది టైరు నిండు గాలితో ఉన్నప్పటి మాట. బరువును మోసేది రబ్బరు కాదు, లోపలి గాలి. టైరు అనేది ఆ గాలిని పట్టి ఉంచే సంచి, అంతే. 65 ఉండాల్సిన చోట 50 పెడితే మోసే శక్తి దాదాపు ఐదో వంతు పడిపోతుంది. అంటే నీ 1,250 టైరు వెయ్యి కిలోల టైరు అయిపోయింది. దాని మీద నువ్వు 1,400 పెట్టి మిర్యాలగూడ దాకా తోలావు.

ఇంకొకటి, గాలి ఏ టైములో కొట్టిస్తావో రాయలేదు. తిరిగి తిరిగి వచ్చాక టైర్లు కాలిపోతున్నప్పుడు బంకులో ఆగి 50 పెట్టిస్తే, అది తెల్లారి చల్లబడ్డాక 44, 45 దగ్గర ఉంటుంది. గాలి ఎప్పుడూ పొద్దున, బండి కదలకముందు, చల్లటి టైరులోనే చూడాలి. స్టిక్కర్ మీద ఉన్న 65 కూడా చల్లటి టైరు లెక్కే. మధ్యాహ్నానికి అదే టైరు 72, 73 చూపిస్తుంది, అది తప్పు కాదు, వేడికి గాలి అలా పెరగాల్సిందే, టైరు తయారు చేసినవాళ్లు దాన్ని లెక్కలోకి తీసుకునే చేస్తారు. ఎక్కువైందని మధ్యలో ఆపి గాలి తీయకు. తీశావంటే టైరు మళ్లీ మెత్తబడుతుంది, ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది, మళ్లీ గాలి ఎక్కువ చూపిస్తుంది.

పేలడం ఎలా జరుగుతుందో చెబుతాను, ఎందుకంటే ఇది తెలిస్తే నువ్వు ఇంకెప్పుడూ 50 పెట్టవు. టైరు తిరిగిన ప్రతిసారీ నేలను తాకే చోట దాని పక్క గోడ వంగి మళ్లీ లేస్తుంది. బరువు ఎక్కువైనా, గాలి తక్కువైనా ఆ వంపు పెరుగుతుంది. ఒక ఇనప తీగను అటూ ఇటూ వంచుతూ ఉంటే వంగిన చోట చెయ్యి కాలుతుంది కదా, అదే ఇక్కడా. టైరు కిలోమీటరుకు నాలుగు వందల సార్లకు పైగా తిరుగుతుంది. ఆ వేడి బయటికి పోవడానికి టైము ఉండదు, కింద రోడ్డు కూడా కాలుతూ ఉంటుంది. లోపల ఉక్కు బెల్టుల అంచుల దగ్గర రబ్బరు పట్టు వదలడం మొదలవుతుంది. పైకి ఏమీ కనపడదు, బటన్ కొత్తగానే ఉంటుంది, నీకు కనపడినట్టే. ఒక రోజు వదులుతుంది. అందుకే నవంబర్‌లో వానాకాలం వడ్లు అదే 60 బస్తాలు తోలినప్పుడు ఏమీ కాలేదు, యాసంగి వడ్లు తోలేటప్పుడు పేలింది. యాసంగి పంట మిల్లుకు చేరే ఏప్రిల్, మే నెలల్లోనే మన నల్లగొండలో ఎండ 44, 45 దాకా పోతుంది. ఏడాదిలో టైరుకు అన్నిటికంటే కష్టమైన రోజుల్లోనే మనం అన్నిటికంటే ఎక్కువ బరువు మోయిస్తాం. బత్తాయి లోడు సాయంత్రం ఎత్తుకుని రాత్రి పోతుంటావనుకుంటా, అందుకే ఆ లోడు మీద టైరు నిన్ను ఇబ్బంది పెట్టలేదు. వడ్లను కూడా వీలైనంత వరకు తెల్లవారుజామున కదిలించు. మిల్లు గేటు ముందు లైన్‌లో నిలబడడం ఎలాగూ తప్పదు, ఆ నిలబడేదేదో మధ్యాహ్నం నిలబడితే టైర్లు చల్లబడతాయి.

ఎడమదే ఎందుకు పేలిందని కూడా ఆలోచించే ఉంటావు. మన రోడ్లు నీళ్లు పోవడానికి అంచుకు వాలి ఉంటాయి, మనం ఎడమ పక్కన నడుపుతాం, బరువు కొంచెం అటు ఒరుగుతుంది. ఎదురుగా బండి వచ్చినప్పుడల్లా మట్టిలోకి, రాళ్లలోకి దిగేది కూడా ఆ టైరే.

కంపెనీ టైర్లు నాసిరకం అన్న మాట నేను ఒప్పుకోను. కానీ వాటిని వెనకేసుకు రాను కూడా. బండి కంపెనీ ఆ టైరును ఎంచుకునేటప్పుడు చాలా చూసుకుంటుంది: ఆర్‌సీలో రాసిన బరువుకు సరిపోవాలి, డీజిల్ తక్కువ తాగాలి, ఖాళీ బండి మరీ ఎత్తెయ్యకూడదు, ధర పెరగకూడదు. ఇన్నిటి మధ్యలో తెచ్చిన టైరులో ఆర్‌సీ బరువు దాటాక మిగిలే ఓపిక తక్కువ. నీ బండి ఆర్‌సీ ప్రకారం నిండు లోడు వేస్తే వెనక ఒక్కో టైరు మీద 1,100 పడుతుంది, టైరు 1,250 మోస్తుంది. ఆ 150 కిలోల తేడా గుంతల కోసం, మలుపుల కోసం, ఒక పక్కకు ఒరిగిన లోడు కోసం ఉంచింది. మనం దాన్ని బస్తాల కోసం వాడేస్తున్నాం. సరైన గాలితో, ఆర్‌సీ లోడుతో తిరిగిన ఇలాంటి బండ్లకు కంపెనీ టైర్లు 50 వేల కిలోమీటర్లు దాటడం నేను నా కళ్లతో చూశాను. అందుకే ఆ మాట గట్టిగా అంటున్నాను.

ఎక్కువ ప్లై సంగతి. పీఆర్ (ప్లై రేటింగ్, ప్లై అంటే పొర) అంటే ఇప్పుడు లోపల అన్ని పొరలు ఉన్నాయని కాదు, అది బలానికి ఒక గుర్తు మాత్రమే, రేడియల్ (లోపల ఉక్కు బెల్టులుండే) టైరులో అసలు పొరలు కొన్నే ఉంటాయి. 8 పీఆర్ తీసేసి 12 పీఆర్ వేస్తే వచ్చే లాభం ఏంటంటే, అది ఎక్కువ గాలిని తట్టుకుంటుంది, ఆ ఎక్కువ గాలితో ఎక్కువ బరువు మోస్తుంది. అదే సైజు 12 పీఆర్ వేసి అందులో కూడా 50 గాలే పెట్టావంటే అది మోసే బరువు పెద్దగా ఏమీ పెరగదు. గాలి పెంచాలంటే నీ రిమ్ము తట్టుకోవాలి. టైరు మోసినా యాక్సిల్, హబ్ బేరింగులు, బ్రేకులు పాతవే కదా, బండిని ఆపేది అవే. కమాన్ పట్టీలు (బండి కింద బరువు మోసే స్ప్రింగు పట్టీలు) అదనంగా వేయించడం కూడా ఇలాంటిదే. వెనక భాగం కుంగకుండా నిటారుగా కనిపిస్తుంది, నీకూ ధైర్యంగా ఉంటుంది, కానీ టైరు మీద పడే బరువులో ఒక్క కిలో తగ్గదు. నన్ను అడిగితే అది ఇంకా చెడ్డది, ఎక్కువైందని చెప్పే గుర్తునే చెరిపేస్తుంది.

అలాగని ఎక్కువ ప్లై వద్దని కాదు. కొత్తవి కొనేటప్పుడు అదే సైజులో, 116 కంటే తక్కువ కాకుండా, వీలైతే 118 గానీ పైన గానీ ఉన్నవి చూడు, రిమ్ముకు ఎంత గాలి సరిపోతుందో షాపులో కాకుండా బండి సర్వీస్ సెంటర్‌లో అడిగి కొను. వెనక రెండూ ఒకే కంపెనీవి, ఒకే రకంవి, ఒకేసారి వెయ్యి. ఒక పక్క రేడియల్, ఇంకో పక్క నైలాన్ (ఉక్కు బెల్టులు లేని పాత రకం) అసలు వద్దు. టైరు గోడ మీద చివర్లో నాలుగు అంకెలు ఉంటాయి, 2324 అని ఉంటే 2024లో 23వ వారం తయారైనదని. షాపులో మూలన రెండేళ్లు పడి ఉన్నది కొత్త ధరకు కొనకు. ముందు చక్రాలకు రీబటన్ టైర్లు మాత్రం ఎవరు చెప్పినా వేయకు. ముందు రెండు టైర్లు బాగుంటే నాలుగూ మార్చాల్సిన పని లేదు, ఆ డబ్బు దాచుకో.

ఇక జనరేటర్. దాని గురించి ఒక్క ముక్కే రాశావు కానీ నాకు అది కూడా టెన్షన్‌గానే ఉంది. రెండు చక్రాల ట్రాలీ మీద ఉన్న జనరేటర్ బరువంతా దాని చక్రాల మీదే ఉండదు, కొంత నీ కొక్కెం మీద వేలాడుతుంది. ఆ కొక్కెం వెనక యాక్సిల్‌కు ఇంకో మూడు, నాలుగు అడుగుల వెనక ఉంటుంది. అక్కడ 150 కిలోలు పడితే తూగుడు బల్లలాగా ముందు చక్రాలను పైకి లేపుతుంది, వెనక టైర్ల మీద 150 కాదు, 200 దాటి పడుతుంది, ముందు స్టీరింగ్ తేలికవుతుంది. బండిలో టెంటు సామాను, కుర్చీలు నిండా వేసి దానికి తోడు జనరేటర్ గుంజితే వడ్ల లోడు కంటే తక్కువేం కాదు. కదిలేటప్పుడు, బ్రేకు వేసేటప్పుడు అది ఇచ్చే కుదుపు కూడా వెనక టైర్లకే. పైగా ఆ జనరేటర్ ట్రాలీ టైర్లు ఎప్పటివో ఒకసారి చూడు, చాలావరకు ఏదో బండికి తీసేసినవే ఉంటాయి, ఏడాదిలో పది నెలలు ఎండలో నిలబడి పగుళ్లు పట్టి ఉంటాయి. అవి పేలినా ఊగేది నీ బండే. గుంజే రోజు నీ బండిలో సామాను సగానికి తగ్గించు, స్పీడు 50 దాటించకు.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. చాలా ఏళ్ల కింద మా లారీ వాడపల్లి వైపు నుంచి సిమెంటు వేసుకుని నార్కట్‌పల్లి రోడ్డు మీద వస్తోంది. వెనక జంట టైర్లలో లోపలిది ఎప్పుడు గాలి దిగిందో తెలియదు. క్లీనర్ బయలుదేరే ముందు రాడ్డుతో తట్టి చూశాడు, బయటిది టంగుమంది, లోపలిది సరిగా తట్టలేదు. రెండు టైర్ల బరువు బయటిది ఒక్కటే మోసింది. నల్లగొండ దాటకముందే అది పేలింది, దాని ముక్క ఎగిరి వెనక బైకు మీద వస్తున్న మనిషి కాలికి తగిలింది. ఆయన బతికి బయటపడ్డాడు, కానీ నెలల తరబడి మంచం మీద ఉన్నాడు. ఆసుపత్రికి పోయి ఆయన ఇంటివాళ్ల ముందు నిలబడిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ తర్వాత నా ఏ బండీ గాలి చూసే గేజీ పెట్టకుండా కదలలేదు. గేజీ కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. బంకులో మిషన్‌ను నమ్మకు, నీది నువ్వు కొనుక్కో, డాష్‌బోర్డులో పెట్టుకో.

ఖాళీగా వచ్చేటప్పుడు ఎగురుతుందన్నావు. ఎగురుతుంది, నిజమే. గంటకు 50తో రా, ఎగరదు. స్టిక్కర్‌లో ఖాళీ బండికి వేరే అంకె ఇచ్చారేమో చూడు, కొన్ని బండ్లకు ఇస్తారు. అలా ఉంటే ఖాళీ తిరిగే రోజులకు అది పెట్టుకో, లోడు ఎత్తే రోజు పొద్దునే మళ్లీ 65కు తెచ్చుకో. లేకపోతే 65తోనే తిరుగు.

బస్తాల సంగతి చెప్పకుండా తప్పించుకోను. ఆర్‌సీ ప్రకారం, మనుషుల బరువు తీసేస్తే నీ బండికి 37, 38 బస్తాలే. 60 నుంచి 38కి దిగమంటే కిరాయి ఏమవుతుంది, కిస్తీ ఎలా కడతావు అని నాకు తెలుసు, నేనూ కిస్తీలు కట్టినవాడినే. కానీ ఇప్పుడు వెనక రెండు టైర్లకు ఎంత అవుతుందో అడుగు, పేలిన రోజు పోయిన కిరాయి కలుపు, లోడు వేరే బండిలోకి మార్చిన కూలి కలుపు, ఆ మొత్తాన్ని ఈ 14 నెలల్లో నువ్వు ఎక్కువ వేసిన బస్తాల కిరాయితో పోల్చుకో. పట్టుబడితే 2019 మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం ఓవర్‌లోడ్‌కు 20 వేలు, పైన ప్రతి టన్నుకు 2 వేలు, ఎక్కువ బరువు దింపే ఖర్చు కూడా నీదే. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు కాంటా చీటీ అడగొచ్చు. హమాలీలను బండిలో కాకుండా బైకు మీద రమ్మంటే మూడు నాలుగు బస్తాలు న్యాయంగానే ఎక్కువ వేసుకోవచ్చు. సెంటర్ వాళ్లతో ట్రిప్పు లెక్క కాకుండా బస్తా లెక్కన మాట్లాడుకుంటే రోజుకు ఒక ట్రిప్పు ఎక్కువ కొట్టి కొంతైనా పూడ్చుకోవచ్చు.

ఈ వారం నువ్వు చేయాల్సింది ఒకటుంది. లోడుతో ఉన్నప్పుడు కాంటా మీద ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి అంకె రాసుకో, తర్వాత బండి మొత్తం ఎక్కించి రాసుకో. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే వెనక యాక్సిల్ బరువు వస్తుంది, దాన్ని రెండుతో భాగించు. నేను పైన వేసింది అంచనా, ఇది నీ బండి అసలు లెక్క. టైరు ఏది కొనాలో ఆ అంకె చెబుతుంది.

పేలిన టైరును అమ్మేయకు. లోపలి వైపు చేత్తో తడిమి చూడు. పక్క గోడ లోపల చుట్టూ నల్లటి చార పడి రబ్బరు పొడి రాలుతుంటే అది గాలి తక్కువతో నడిచిందని అర్థం, క్లెయిమ్‌కు పోయినా తిప్పి పంపుతారు. అలాంటిదేమీ లేకుండా లోపల శుభ్రంగా ఉండి, ఒక్కచోట మాత్రమే బటన్ పొర విడిపోయి ఉంటే తయారీ లోపం అయ్యుండొచ్చు. అప్పుడు షోరూమ్‌కు కాదు, ఆ టైరు కంపెనీ డీలర్ దగ్గరికి పో. టైరు వారంటీ మామూలుగా టైరు కంపెనీయే చూసుకుంటుంది, బండి కంపెనీ కాదు. వాళ్ల మనిషి వచ్చి చూసి రాసిచ్చే కాగితం అడిగి తీసుకో, నోటిమాట మీద తిరిగి రాకు.

ఇక వెనక కుడి టైరు. నువ్వు దాని గురించి ఏమీ రాయలేదు, అది బాగానే ఉందనుకుంటున్నావు. ఎడమ దానికి ఏం జరిగిందో దీనికీ అదే జరిగింది, అవే 28 వేల కిలోమీటర్లు, అవే బస్తాలు, అదే 50 గాలి. బటన్ ఎంత ఉన్నా సరే, లోడు ఎత్తే ముందు దాన్ని ఊడదీయించి లోపల చూపించు. చార గానీ, ఉబ్బు గానీ కనిపిస్తే స్టెప్నీగా కూడా పెట్టుకోకు. అది చూసేదాకా వడ్లు ఎత్తకు, జనరేటర్ తగిలించకు.